సోమలింగం కోసం ఎదురుచూపులు

ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెతను తు.చ. తప్పకుండా పాటించేవాళ్లెవరైనా ఉన్నారంటే అది డెబియన్ లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసేవాళ్లే. 13వ వెర్షన్ ట్రిక్సీ 2025 ఆగస్టు 9న విడుదలైంది. అప్పటికే 14కి ఫోర్కీ అనీ, 15కి డ్యూక్ అనీ పేర్లు పెట్టేశారు. ఫోర్కీ ఎప్పుడొస్తుందయ్యా అంటే మాత్రం ఎప్పుడూ చెప్పే జవాబే: సిద్ధమైనప్పుడు. ఈ పేర్లన్నీ ‘టాయ్ స్టోరీ’ సినిమా బొమ్మలవి. ఫోర్కీ అంటే నాలుగో భాగంలో ఒక చిన్నపిల్ల ప్లాస్టిక్ చెంచాతో చేసుకున్న బొమ్మ. తాను చెత్తనేనని గట్టిగా నమ్మి, సందు దొరికినప్పుడల్లా చెత్తబుట్టలోకి దూకుతుంటాడు. రాబోయే సరుకుకి ఇంత వినయంగల పేరు పెట్టే ధైర్యం ఏ కంపెనీకి ఉంటుంది?

ఎదురుచూపుల్లో ఇదొక వింత రకం. వాన కోసమో, పరీక్ష ఫలితాల కోసమో చూసేవాడు కూర్చోవడం తప్ప చేయగలిగేదేమీ లేదు. ఇక్కడ రావలసింది ఇవాళే బయట ఉంది, ఉచితంగా, ఎవరైనా దింపుకోవచ్చు. కొత్త సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ ఏదైనా ముందు ‘సిడ్’లోకి వెళ్తుంది. ఆ సినిమాలో బొమ్మల్ని విరగ్గొట్టే పక్కింటి కుర్రాడి పేరది; వెర్షన్లు ఎన్ని మారినా ఈ పేరు మాత్రం మారదు. అక్కడ మామూలుగా రెండు నుంచి పది రోజులుంచి, పెద్ద ఫిర్యాదేమీ రాకపోతే ‘టెస్టింగ్’లోకి దింపుతారు. ప్రస్తుతానికి ఫోర్కీ అంటే ఆ టెస్టింగే. విడుదల రోజున జరిగేదల్లా దాన్ని ఇకమీదట ‘స్టేబుల్’ అనడం. మరి మనం దేనికోసం చూస్తున్నట్టు? ఇంకెవరో దాన్ని వాడి, దెబ్బలు తిని, ఫిర్యాదులు రాస్తే, అవన్నీ తీరడం కోసం. తలా ఒక బిందెడు పాలు పోయమని రాజుగారంటే, నా ఒక్కడి నీళ్లు ఎవరికి కనబడతాయిలే అని ఊరంతా నీళ్లే పోసిన కథ ఇది. ఫిర్యాదులే లేకపోతే ఇంకా త్వరగా వస్తుంది కదా అని ఎవరైనా లా పాయింటు తీయవచ్చు. వస్తుంది, తప్పులన్నీ కడుపులో పెట్టుకొని. ఏడాది ముందు బయటపడ్డ తప్పు ఎవర్నీ ఆపదు. చివరి వారంలో బయటపడితే అదే తప్పు అందర్నీ ఆపుతుంది. కాబట్టి ‘ఇంకా రాలేదేం’ అని అందరికంటే ఎక్కువగా అడిగేవాడికే ఆలస్యంలో పెద్ద వాటా ఉందని నా వాదన.

ఆలస్యానికి ఘన చరిత్రే ఉంది. 2002 జులైలో వుడీ వచ్చాక సార్జ్ రావడానికి 2005 జూన్ అయింది. మధ్యలో ఇన్‌స్టాలర్‌నే మొదట్నుంచీ కొత్తగా రాసుకున్నారు. ఆత్రం చరిత్ర అంతకంటే పాతది. తయారీలో ఉన్నదాన్నే 1.0 అని సీడీ కొట్టి ఒక వ్యాపారి అమ్మేస్తే, జనం గందరగోళపడకుండా అసలుది 1996లో 1.1గా వచ్చింది. డెబియన్ 1.0 లోకంలో లేనే లేదు. ఇప్పుడు కాస్త కుదురుకున్నారు. విడుదల తేదీ చాలా ముందుగా చెప్పరు గానీ కొత్త మార్పులకు తలుపులు మూసే తేదీ చెబుతారు. ట్రిక్సీకి 2025 మార్చి 15న మొదటి తలుపు పడింది. ఒక్కొక్క గడియా వేసుకుంటూ విడుదల దాకా రావడానికి దాదాపు ఐదు నెలలు పట్టింది.

టెస్టింగ్‌ని ముందే వాడి ఫిర్యాదులు రాయమంటే ‘మాకు ప్రోగ్రామింగ్ రాదే’ అన్నది మొదటి అభ్యంతరం. అక్కర్లేదు. ‘రిపోర్ట్‌బగ్’ అనే పనిముట్టు అడిగేది ముఖ్యంగా మూడు సంగతులు: మీరేం చేశారు, ఏం జరిగింది, ఏం జరగాలనుకున్నారు. మూడోదానికి మనవాళ్లు పేజీలు రాయగలరు, మొదటిదాని దగ్గరే నీళ్లు నములుతారు. తెలుగువాళ్లు మాత్రమే పట్టగలిగే తప్పులూ ఉంటాయి. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరంలో తవత్తుంది, రవత్తుంది, పైన గుడిదీర్ఘం ఉంది. అక్షరాలు పేర్చే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌లో ఆ రవత్తు పక్కకి జరిగి కూర్చుంటే జర్మనీలో ఉన్న డెవలపర్‌కి అది కొత్త అందంగా కనబడవచ్చు. మనం చెప్పకపోతే స్టేబుల్ అయ్యాక కూడా అలాగే స్థిరంగా ఉంటుంది. ఆఫీసు సర్వర్ మీద ప్రయోగాలు చేయమంటారా అన్నది రెండో అభ్యంతరం. అది న్యాయమే, చేయకండి. అటక మీద పడుకున్న పాత ల్యాప్‌టాప్ ఏ పాపం చేసింది?

డెబియన్ మీదే కట్టిన ఉబుంటు చూడండి, ఏప్రిల్, అక్టోబరు అనుకుంటే ఠంచనుగా దిగుతుంది అంటారు ఇంకొందరు. దిగుతుంది. దాని ప్యాకేజీల్లో అధికభాగం ఆ సిడ్ నుంచి తెచ్చుకున్నవే. 2006 ఏప్రిల్‌లో రావాల్సిన 6.04 మెరుగులు చాలక జూన్‌కి జరిగింది. వెర్షన్ నంబరులోనే నెల ఉండటంతో ఆలస్యం దాచుకునే వీల్లేక 6.06 అయి కూర్చుంది. పోనీ, తేదీకి వస్తే మాత్రం ఎదురుచూపు తీరుతుందా? పాత ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు ఉండే వెర్షన్) వాడేవాళ్లకు కొత్త ఎల్‌టీఎస్‌కి మారమన్న పిలుపు ఏప్రిల్‌లో రాదు, మరికొన్ని నెలలకు .1 వచ్చాకే. డెబియన్‌లోనూ తలపండినవాళ్లు కొత్తదాన్ని వెంటనే ముట్టుకోరు, ‘13.1 రానీ’ అంటారు. నెల తిరక్కుండానే 2025 సెప్టెంబరులో అదీ వచ్చింది. ఈ పెద్దమనుషులు కూడా ఫోర్కీ ఎప్పుడని రోజూ అడుగుతూనే ఉన్నారు. వాళ్లకు కావలసింది 14.1 తేదీ, 14.0 మిగతావాళ్లకి.