వాన నీళ్లకు వాస్తు కుదరలేదు

మా ఇల్లు కట్టిన మేస్త్రీకి ఈ లోకంలో ఒకే శత్రువు ఉండేది. వాన నీరు. స్లాబు పూర్తయిన రోజున బకెట్టు నీళ్లు కుమ్మరించి, "ఒక్క చుక్క నిలవది సార్, నిలిస్తే నన్నడుగు" అన్నాడు. నీళ్లు పరుగున వెళ్లి పైపులో దూకి గేటు బయట తేలాయి. మేం చప్పట్లు కొట్టడమొక్కటే తక్కువ. పదేళ్లయింది, ఆ పైపు ప్రతి వానాకాలం అదే విశ్వాసంతో పనిచేస్తోంది. ప్రతి మార్చిలో మా బోరు కూడా అంతే విశ్వాసంగా గాలి కక్కుతుంది. ఏప్రిల్ వచ్చేసరికి ట్యాంకరు డ్రైవరు మా ఇంటి మనిషి.

మొన్న మా అమ్మాయి హోంవర్కు చూస్తుంటే ఒక ముక్క కంటబడింది. చదరపు మీటరు మీద మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్లట. మా డాబా 120 గజాలు, అంటే దాదాపు 100 చదరపు మీటర్లు. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన. గుణిస్తే 80 వేల లీటర్లు. ఆవిరికీ చిందిపోయేదానికీ అయిదో వంతు వదిలేసినా 64 వేలు. 5 వేల లీటర్ల ట్యాంకర్లు పన్నెండు, పైన చిల్లర. పదేళ్లలో రోడ్డుకి ఎన్ని ట్యాంకర్లు దానం చేశానో లెక్కగట్టాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కర్ణుడైనా అడిగినవాడికే ఇచ్చాడు.

నిజానికి వానను పట్టుకోవడం ఈ ఊరికి కొత్త కాదు. 1908లో మూసీ ముంచెత్తాక బుద్ధి తెచ్చుకుని 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ కట్టుకుంది. ఇప్పుడు మన స్థాయి పెరిగింది. కృష్ణను నాగార్జున సాగర్ నుంచి, గోదావరిని ఎల్లంపల్లి నుంచి రప్పించుకుంటాం. నెత్తిన పడేది మాత్రం దారినపోయే దానయ్య.

ఇంకుడు గుంత లేదా అంటారేమో. ఉంది, ప్లానులో. 2002లో వాల్టా చట్టం వచ్చింది కదా, గుంత లేని ప్లాను మా కాలనీలో కనబడదు. ఎదురింటాయన నిజంగానే తవ్వించి, కంకర పోయించి, ఫోటో తీయించుకుని, ఆ మర్నాడే కారు దిగబడుతుందని పైన టైల్స్ పరిపించారు. నేను మాత్రం ట్యాంకే పెట్టించాలనుకున్నాను. నా గుంతలో ఇంకిన నీరు పక్కవాళ్ల బోరులో తేలుతుందేమోనన్న ఉదాత్తమైన ఆలోచన ఒకటుంది లెండి.

ట్యాంకు కొనడం అరగంట పని. ఎక్కడ పెట్టాలన్నదే మూడు వారాలు పట్టింది. మా ఆవిడ వాస్తు సిద్ధాంతిగారిని పిలిపించింది. ఆయన శాస్త్రం స్పష్టంగానే ఉంది. నీళ్లు భూమి కిందుంటే ఈశాన్యం, పైకెక్కితే నైరుతి. "మరి ఇది నేలమీదే ఉంటుంది కదండీ" అన్నాను. ఆయన కళ్లు మూసుకున్నారు. సంపుకీ ఓవర్‌హెడ్ ట్యాంకుకీ మధ్య ఇలాంటి త్రిశంకు ట్యాంకు ఒకటి పుడుతుందని పూర్వులు ఊహించలేదు కాబోలు. ఈశాన్యంలో బోరు, సంపు, గేటు, తులసికోట ఇప్పటికే ఇరుక్కుని ఉన్నాయి. పైపు దిగేది కూడా అక్కడే. చివరికి ట్యాంకును తూర్పు గోడకు ఆనించి, కింద రెండు వరసల ఇటుకలు పేర్చి, "ఇది నీళ్ల ట్యాంకు కాదు, సామాను" అని తీర్మానించాం. సిద్ధాంతిగారు దక్షిణ పుచ్చుకుని సామాను అన్నమాటకు ఒప్పుకున్నారు.

ప్లంబరు పైపుకి జాలీ బిగించాడు. మొదటి వాన మురికిని బయటికి తోయడానికి ఒక పక్క పైపు, దానికో మూత పెట్టాడు. ఇక డాబా డాబాలా లేదు, గర్భగుడి అయింది. చెప్పులతో ఎక్కకూడదు. మిరపకాయలు ఆరబెట్టకూడదు. పావురాలు వాలకూడదు, ఈ సంగతి వాటికి చెప్పే బాధ్యత నాది. డెంగీ దోమ మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుందని మా ఆవిడ ఎక్కడో చదివింది, అది నిజమే, అందుకని ట్యాంకు మూతకీ దోమతెర కట్టాం. నేనేమో వాన గేజీ కొనుక్కుని, ఆఫీసులో కనిపించిన వాడికల్లా "నిన్న మా దగ్గర ఏడు మిల్లీమీటర్లు" అని చెప్పడం మొదలెట్టాను. క్యాంటీన్‌లో నా బల్ల దగ్గర ఇప్పుడు ఎవరూ కూర్చోవడం లేదు.

అసలు వాన మొన్న శనివారం తెల్లవారుజామున వచ్చింది. టార్చిలైటు పట్టుకుని లుంగీ తడుస్తున్నా ట్యాంకు పక్కనే నిలబడ్డాను, పురిటిగది బయట నిలబడ్డట్టు. గంట తిరక్కుండా 5 వేల లీటర్లూ నిండి పొర్లాయి. పొర్లిన నీళ్లు ఎటు పోవాలో మేం ముగ్గురం, అంటే నేనూ ప్లంబరూ సిద్ధాంతిగారూ, ఆలోచించనే లేదు. పక్కింటి వాకిట్లోకి పోయాయి. "అన్నయ్యగారూ, మీ వాన మా ఇంట్లోకొచ్చింది" అని పక్కింటావిడ కేకేసింది.

తెల్లారేసరికి వీధిలో మోకాలి లోతు నీళ్లు. ఆ నీళ్ల మధ్యలో, పక్కింటి వాళ్లు ముందురోజు బుక్ చేసిన ట్యాంకరు బురదలో దిగబడి నిలబడి ఉంది. డ్రైవరు దిగి, ఈదినంత పనిచేసి మా గేటు పట్టుకున్నాడు.

"సారూ, కాళ్లు కడుక్కుంటా, జరన్ని నీళ్లియ్యరాదుర్రి."

"నీ బండి వెనకాల 5 వేల లీటర్లున్నాయి కదయ్యా!"

"అవి బుక్ అయిన నీళ్లు సార్."