ఆయ్, లాంగ్‌టర్మండి!

అప్పనపల్లిలో పెళ్ళిభోజనాల దగ్గర బైపీసీ అయిపోయిన కుర్రాణ్ణి "ఏం చేస్తున్నావురా?" అని ఏ పెద్దాయనైనా అడిగితే "ఆయ్, లాంగ్‌టర్మండి" అంటాడు. పెద్దాయన తలాడించి గుత్తొంకాయ మీద పడతాడు. మరుసటేడు ఇంకో పెళ్ళి, అదే ప్రశ్న, అదే జవాబు. లాంగ్‌టర్మంటే ఏడాది కోచింగుతో డాక్టరు సీటు పరీక్ష నీట్ మళ్ళీ రాయడం, అదిప్పుడు ఓ హోదా. విజయవాడ హాస్టల్లో మంచం, మెటీరియల్ కట్టలు, ఇంట్లో అప్పు. ఊళ్ళో వైనతేయ గోదావరి ఒడ్డునున్న బాల బాలాజీకి అమ్మ మొక్కుకున్న మొక్కు కూడా ఏటేటా రెన్యూవల్.

కుర్రాడు తప్పాడు సరే, పరీక్ష పెట్టినవాళ్ళ మార్కులో?

2024 నీట్‌లో రాయాల్సింది 180 ప్రశ్నలు, 720 మార్కులు. ఒప్పుకి 4, తప్పుకి ఒకటి కోత. ఒక ప్రశ్న వదిలేస్తే 716, తప్పు రాస్తే 715. 720కీ 716కీ మధ్యలో మెట్టు లేదు. జూన్ 4న ఫలితాలొస్తే 718 ఒకరికి, 719 ఒకరికి! కొబ్బరి దింపులో కాయలు లెక్కపెట్టే మేస్త్రీ కూడా "ఆగండాగండి" అనేవాడు. టైము నష్టపోయారని 1,563 మందికి మార్కులు కలిపామన్నారు. సుప్రీంకోర్టుకెళ్ళాక ఆ కలుపుడు రద్దయింది. జూన్ 23న వాళ్ళకి మళ్ళీ పరీక్ష పెడితే వచ్చినవాళ్ళు 813 మంది. మిగతా 750 మంది "మా మార్కులు మాకు చాలు" అని ఇంట్లో కూర్చున్నారు. చదువుకున్న పిల్లలు కదా, తెలివైన పనే చేశారు.

ఫస్ట్ ర్యాంకర్లు మొదట 67 మంది. మళ్ళీ పరీక్ష తర్వాత 61. ఫిజిక్స్‌లో పరమాణువు మీద ఒక ప్రశ్నకి రెండు జవాబులూ ఒప్పేనని పరీక్ష పెట్టిన ఏజెన్సీ, ఒక్కటే ఒప్పని ఐఐటీ ఢిల్లీ నిపుణులు. ఐఐటీ మాటే నెగ్గాక ఆఖరికి మిగిలింది 17 మంది. దేశానికి ఫస్టొచ్చానని స్వీట్లు పంచినవాళ్ళలో 50 మంది జులై చివరికి ఫస్టు కాకుండా పోయారు. పంచిన స్వీట్లు మాత్రం ఎవరూ వెనక్కి అడగలేదట!

ఇది ఢిల్లీ విద్యే అనుకోనక్కర్లేదు. 2016లో తెలంగాణ మెడికల్ ఎంసెట్-2 జులై 9న జరిగింది. పేపరు ముందే బయటికి పోయిందని తేలి, రద్దు చేసి, సెప్టెంబర్ 11న ఎంసెట్-3 పెట్టారు. ఆ ఏడే నీట్ కూడా రెండు విడతలు. దొంగ పేపరు కొన్నవాడూ, రాత్రులు మేలుకుని చదివినవాడూ ఒకే బెంచీ మీద మళ్ళీ మొదటి ప్రశ్న దగ్గర కూర్చున్నారు.

సీట్లు పెంచితే ఈ బాధ తీరుతుందనేవాళ్ళున్నారు. 2023లో విజయనగరం, రాజమండ్రి, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలలో సర్కారు కాలేజీలు తెరిచారు. తలా 150, మొత్తం 750. (ఇంట్లో కూర్చున్న ఆ 750తో దీనికి సంబంధమేమీ లేదు, అంకె కలిసిందంతే.) అప్పనపల్లి కుర్రాడికి దగ్గరి అమలాపురం ఆ ఐదింట్లో లేదు. ఆ సీట్లకి పెట్టిన ధరలు ఏడాదికి మూడు రకాలు: కన్వీనర్ కోటాకి 15 వేలు, బి కేటగిరీకి 12 లక్షలు, ఎన్నారైకి 20 లక్షలు. అదే సర్కారు, అదే శవం, అదే కత్తి. మొదటి ధరకి దొరకనివాడు, మిగతా రెండూ కొనలేనివాడు మళ్ళీ విజయవాడ బస్సెక్కుతాడు.

తొందరేమీ లేదు. 2020లో ఒడిశాలో 64 ఏళ్ళ రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి నీట్ పాసై బుర్లాలో ఎంబీబీఎస్‌లో చేరాడు. 2022లో గరిష్ఠ వయోపరిమితే ఎత్తేశారు. ఎన్నిసార్లు రాయొచ్చన్న లెక్కా లేదు. పరీక్ష పెట్టేవాళ్ళకీ అదే సదుపాయం ఉన్నట్టుంది, ఎన్నిసార్లు తప్పినా మళ్ళీ పెట్టుకోవచ్చు. హాస్టలు ఫీజు మాత్రం వాళ్ళనెవరూ అడగరు.