తేదీ లేని బిల్లు

నాకు రావాల్సిన ముప్పై ఆరు వేల కోసం ఒక పెద్దమనిషిని నలుగురిలో నిలబెట్టాను. తప్పు ఆయనది కాదు, నాది.

గిద్దలూరులో చిన్న వ్యాపారులకు లెక్కలు, ధరలు, వసూళ్లు నేర్పడం నా పని. అరువు పుస్తకంలో పేరు, మొత్తం ఉంటే చాలదు, ఇచ్చే తేదీ కూడా రాయించుకోవాలని కిరాణా కొట్ల వాళ్లకీ ఎరువుల షాపుల వాళ్లకీ పదేపదే చెప్పేవాణ్ణి. మార్కాపురంలో పలకల యూనిట్ నడిపే అన్న దగ్గర మాత్రం ఫీజు మాట వచ్చేసరికి "మీకు వీలైనప్పుడు ఇవ్వండన్నా" అన్నాను. కాగితం లేదు. నాలుగో నెలలో పంపిన బిల్లులో గడువు లేదు.

చట్టం తెలియక కాదు. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం గురించి ఆయనకు బోర్డు మీద రాసి చెప్పింది నేనే. చిన్న సంస్థకు కొనుగోలుదారు రాతపూర్వక ఒప్పందం ఉంటే ఎంత ఎక్కువైనా 45 రోజుల్లో, లేకుంటే 15 రోజుల్లో డబ్బు కట్టాలి. దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకు మూడింతల చక్రవడ్డీ. ఇది సరుకుకే కాదు, సేవలకూ వర్తిస్తుంది. చిన్న సంస్థగా నమోదయ్యే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆయన చేత దగ్గరుండి చేయించాను. నాది చేసుకోలేదు.

నెలలు గడిచాయి. ఫోన్ చేసేవాణ్ణి, వానల గురించీ పిల్లల చదువుల గురించీ మాట్లాడి పెట్టేసేవాణ్ణి. అడగకుండానే ఆయనకు తెలియాలని లోపల కోపం. ఒక రాత్రి, ఇంటి అద్దెకు చేబదులు అడగాల్సి వచ్చిన రోజున, మా వ్యాపారుల వాట్సాప్ గ్రూపులో ఆయన పేరు పెట్టి రాశాను. పొద్దున్నే తీసేశాను గానీ అప్పటికే అందరూ చూశారు.

కంభం మీదుగా బస్సెక్కి మార్కాపురం వెళ్లాను. షెడ్డులో రాయి కోస్తున్నారు, ఆడవాళ్లు పలకలకు చెక్క ఫ్రేములు బిగిస్తున్నారు. ఆయన చేతుల నిండా బూడిదరంగు దుమ్ము. పంపిన సరుకు డబ్బు మూడు నెలలుగా రాలేదట, శనివారం కూలీలకు వడ్డీకి తెచ్చి ఇచ్చాడట.

"ఒక్కసారి నోరు తెరిచి అడగలేదే సార్. ఎంతో కొంత సర్దేవాణ్ణి కదా."

చొక్కా చేతితో ఒక పలక తుడిచి, బలపంతో సహా నా ముందు పెట్టాడు. "రాయండి, ఎప్పటికి కావాలో."

నా చెయ్యి వెంటనే కదల్లేదు. చివరికి రెండు తేదీలు రాశాను, సగం సగం. రెండింటికీ డబ్బు వచ్చింది. గ్రూపులో పేరు పెట్టి క్షమాపణ రాశాను, ఆయన బదులివ్వలేదు. తర్వాత ఆయన క్లాసుకు రాలేదు. రమ్మని అడగాలని ఫోన్ తీస్తాను. ఇంకా చేయలేదు.