స్తంభమెక్కే తమ్ముడికి డ్రెస్సు పాఠాలు

తమ్ముడూ, తిరుమలగిరి సబ్‌స్టేషన్ కింద లైన్ల మీద పనికి వచ్చావట, సంతోషం. ముందు చొక్కా సంగతి తేల్చుకో. పాలిస్టరే తీసుకో. ఇస్త్రీ గోల లేదు, ఆరేస్తే ఇట్టే ఆరుతుంది. కరెంటు మెరుపు తగిలితే 250 డిగ్రీల దగ్గర కరిగి ఒంటికి అతుక్కుంటుందని భయపెడతారు. అతుక్కుంటే ఆస్పత్రిలో డాక్టరు ఒలుస్తాడు. అది ఆయన పని, నీకెందుకు?

బనీను నైలాన్‌ది వేసుకో. పైన మంటకు ఆగే కోటు తొడిగినా, వేడి లోపలికి దిగితే నైలాను కరుగుతుంది. వేలు పోసి కొన్న కోటును చవక బనీనుతో ఓడించినవాడివవుతావు.

ఆ కోటు లోపల చీటీ మీద 8 అనో 25 అనో కాలరీల అంకె ఉంటుంది. చదరపు సెంటీమీటరుకు 1.2 కాలరీల వేడి చాలు, చర్మం బొబ్బలెక్కడానికి. ఈ కాలరీలు తిండి గురించి అనుకుని చీటీ కత్తిరించెయ్, మెడకు గుచ్చుకుంటుంది. మందు పట్టించిన కాటన్ కోటయితే బ్లీచింగ్ వేసి బాగా ఉతుకు, మరక పోతుంది, మందూ పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఆయిలు మరకలు మాత్రం ఉంచు. కష్టపడే మనిషివని జనానికి తెలియాలి, మంటకూ ఏదో ఒక ఆసరా ఉండాలి కదా.

మే నెలలో కోటు చేతులు మోచేతుల పైకి మడిచి, గుండీలు విప్పుకో. ఎవరన్నా అడిగితే "గీ ఎండల గా కోటెవడు తొడుగుతడు సార్" అను. ఇందులో న్యాయముంది, అందుకే ఇంత బాగా పనిచేస్తుంది. కరెంటు మెరుపు వేడి 19,000 డిగ్రీల దాకా పోతుందట, సూర్యుడి పైపొర కంటే మూడింతలకు మించి. 44 డిగ్రీల ఎండకు అలవాటైన ఒంటికి అదెంత?

గ్లౌజులు, రబ్బరు బూట్లు, హెల్మెట్టు, ఎర్తింగు సామాను ఇవ్వాలని కేంద్ర విద్యుత్ భద్రతా నిబంధనల్లో 2010లోనే రాశారు. ఇస్తే బీరువాలో పెట్టి తాళం వెయ్యి, తనిఖీ రోజున కొత్తగా కనిపించాలి. ఎల్‌సీ, అంటే లైను బంద్ చేశామని ఇచ్చే లైన్ క్లియర్, ఫోన్లోనే తీసుకో. "అన్నా, బంద్ జేసిన" అన్న మాట వినబడగానే ఎక్కెయ్. ఏ ఫీడరు బంద్ చేశాడని అడిగితే అవతలివాడు నొచ్చుకుంటాడు. లైను ఎర్తు చెయ్యడమంటే, ఎవరి జనరేటరో వెనక్కి కరెంటు తోస్తుందని అనుమానించడమే. ఊళ్లో ఉండేవాళ్లం, మనకది తగదు.

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చాక రైతుకు ఓపిక తగ్గింది. యాసంగి వరి ఎండుతుంటే అర్ధరాత్రి ఫ్యూజు పోయిందని నీకోసం ఆగడు. అతనికీ నాలుగు మాటలు నేర్పు. లుంగీ మీదే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి వెళ్లమను, ఎండుకట్టె ఒకటి చాలను, ఫ్యూజు సరిగ్గా కూర్చుందో లేదో మొహం దగ్గర పెట్టి చూడమను. మెరిస్తే తప్పుకునే టైముంటుందని ధైర్యం చెప్పు. అది సెకనులో ఏ పదో వంతులోనో అయిపోతుంది కాబట్టి, నువ్వు చెప్పింది అబద్ధమని వచ్చి అడిగే తీరిక అతనికుండదు.