కారాచార్యులవారు

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమున, 1939లో ప్రారంభోత్సవము జరుపుకొన్న గులాబివన్నె రాతి ఆర్ట్సు కళాశాల యెదుటికి, ప్రాతఃకాలమున ఆరోగ్యార్థము నడచుటకై కారులో విచ్చేసి, గంటసేపు చేతులూపుచు నడచి, స్వేదము తుడుచుకొని మరల కారులో గృహమున కేగి, స్నానాదికములు ముగించుకొని, పదిగంటలకు అదే కారులో అదే చోటికి ఉద్యోగార్థము వేంచేయు మహానుభావుడెవరందురా, ఆయనయే మా కారాచార్యులవారు. నివాసము హబ్సిగూడ. ఇంటినుండి కళాశాలకు గల దూరము, ఉదయమున ఆయన నడచెడి దూరముకంటె అధికము కాదు. అయిదాసనముల ఆ వాహనమున ఒకదానియందు ఆయనయు, వేరొకదానియందు దిద్దని జవాబుపత్రముల కట్టయు ఆసీనములై యుండగా, తక్కిన మూడింట నిత్యము గాలియే ప్రయాణము చేయుచుండును.

ఆయన అజ్ఞాని యనుకొనిన పొరపాటు. ప్రాంగణమున కార్ల రద్దీని తగ్గించుటకు ఏ సభ జరిగినను అధ్యక్షపీఠ మాయనదే. తార్నాకకు, హబ్సిగూడకు 2017లోనే మెట్రో వచ్చినదనియు, జామై ఉస్మానియా, ఆర్ట్స్ కాలేజీ అను రైలుస్టేషనులు చెంతనే యున్నవనియు, పెక్కు ఆర్టీసీ బస్సులలో స్త్రీలకు 2023 డిసెంబరునుండి ప్రయాణము ఉచితమనియు, వ్రేళ్లు మడచుచు ఆయన వాక్రుచ్చుచుండ, సభ్యులు పరవశులై తలలూపుదురు. సభాంతమున తేనీరు సేవించి అందరును ఎవరి కారు వారెక్కుదురు. "మీరైనను నడచి రారాదా?" యని యెవరైన సాహసించి యడిగినచో, "చెమటోడ్చుచు తరగతిలో అడుగిడిన ఆచార్యునకు గౌరవమేమి మిగులునయ్యా?" యని ఆయన కళ్లజోడు సవరించుకొనును.

ఆయనకొక వేపచెట్టు గలదు. నాటినది ఎవరో, నీడ మాత్రము ఆయన కారుది. మొన్న వాకిటనే అటెండరు ఎదురై, "సార్, మన చెట్టు కింద ఎవరో బండి వెట్టిన్రు" అని విన్నవించెను. ఆచార్యులవారి ముఖము జేవురించెను. ఎండలో కారు నిలిపి, తువ్వాలు తెప్పించి స్టీరింగుపై కప్పించి, గదిలో కూలబడి, "ఈ ప్రాంగణమున కార్లు మితిమీరినవి! విద్యాలయమా, సంతా?" యని ఆక్రోశించెను. ఆ సాయంకాలమే అత్యవసర సభ జరిగెను. ఇతరులు కార్లు తగ్గించుకొనవలెనని ఏకగ్రీవముగ తీర్మానమయ్యెను.

ఇట్టివారు ఉపన్యాసములచే మారరు. ఉపన్యాసము లిచ్చువారే వారు. కావున అధికారులకు నా మనవి యొక్కటే: ఆ వేపనీడకు నెలనెల రుసుము విధింపుడు, వచ్చిన పైకముతో ద్వారమునుండి కళాశాల వరకు నడకబాట కిరువైపుల చెట్లు నాటించి, ఒక చిన్న బస్సును త్రిప్పింపుడు. నీడకు వెల కట్టిన మరునాడే కారాచార్యులవారికి కాళ్లున్న సంగతి జ్ఞప్తికి వచ్చును.