మా చిన్నబాపు యేడు లెక్క

డిసెంబర్ పదిహేను దాటిందంటే మా చిన్నబాపు చేతికి గుడ్డసంచి వస్తుంది. హుజూరాబాద్‌లో ఆయన్ని ఎరిగిన దుకాణదారులు ఆ సంచిని దూరం నుంచే గుర్తుపడతారు. ఎరువుల షాపు ముందు ఆగి, "ఏం సేటూ, యాపారం ఎట్లున్నది?" అంటాడు. యేడాది పొడుగునా అటు దిక్కు చూడని మనిషి యూరియా గురించి అంత బాధపడుతుంటే సేటుకు సంగతి అర్థమై, గల్లాపెట్టె కింద చెయ్యి పెట్టి ఒక డైరీ తీసిస్తాడు. అక్కడినుంచి విత్తనాల కంపెనీ ఏజెంటు, ఇన్సూరెన్స్ ఏజెంటు, బ్యాంకు, చిట్టీల ఆఫీసు. అన్నిటికన్నా ముఖ్యమైనది సంఘం డైరీ. ముప్పై ఒక్క యేండ్లు సోషల్ సారుగా పనిచేసి రిటైరైనా, ఉపాధ్యాయ సంఘం డైరీ మీద హక్కు మాత్రం వదులుకోలేదు. జనవరిలో దాని ఆవిష్కరణ అయినాక జిల్లా పేపర్లో ఫొటో పడుతుంది చూడండి, అందులో ముఖ్య అతిథి భుజం వెనక నుంచి తొంగిచూసే కళ్లద్దాలు మా చిన్నబాపువే.

డైరీ కొనడం మాత్రం ఆయన ఇంటావంటా లేదు. "కొన్న డైరీల రాత్తే అబద్ధాలు అత్తయ్ రా" అని ఆయన సిద్ధాంతం. ఊరికే వచ్చినదాంట్లో వచ్చే అబద్ధాల సంగతి ముందు ముందు చెబుతాను.

నెలాఖరుకు సంచిలో ఏడెనిమిది పోగవుతాయి. ఇక పెండ్లిచూపులు మొదలు. ఒక్కోదాని చివరి పేజీలో ఇంకు పెన్నుతో 'శ్రీ' అని రాసి, పేజీ తిప్పి, అవతలికి దిగిందా లేదా చూస్తాడు. బ్యాంకు డైరీ కాగితం మంచిదే కానీ అందులో ఆదివారానికి అరపేజీయే ఇస్తారు. "అంటే ఐతారం నాడు మనిషి సగమే బతుకుతడా?" అని దాన్ని పక్కన పెడతాడు. విత్తనాల డైరీలో ప్రతి పేజీ అడుగున వరి తెగుళ్ల మీద సలహా ఉంటుంది. మనసులో మాట రాసుకునేచోట కాండం తొలిచే పురుగు కనబడితే ఆయనకు భావం కుదరదు. సంఘం డైరీలో ముందు సగం సెలవుల నిబంధనలు, కరువు భత్యం పట్టికలు, జీవోలు. అది పరుపు కింద ఉండవలసిన గ్రంథం. ఈ పరీక్షలన్నీ తేలేసరికి జనవరి ఎనిమిదో తొమ్మిదో అవుతుంది. దిక్కులేక తేదీలు వెనక్కిపోయి రాస్తాడు.

మనిషి మాట్లాడేది మనలాగే. డైరీ తెరవగానే మాత్రం ఒంటి మీదికి పట్టుపంచె వస్తుంది. "నేడు ఉదయము 5 గంటలకు నిద్ర లేచితిని. నడకకు వెళ్ళితిని. దేశ పరిస్థితిని గూర్చి యోచించితిని." నేను ఆ ఇంట్లో పడుకున్నన్ని రోజుల్లో ఐదింటికి లేచింది చిన్నమ్మ ఒక్కతే. ఆమె దేశ పరిస్థితిని గురించి యోచించగా నేను చూడలేదు, వాకిలి చల్లుతుండగా చూశాను.

జనవరి 1 పేజీ పుష్కరాల ఘాట్‌లా కిక్కిరిసి ఉంటుంది. 2న ముప్పావు పేజీ. 3న "నిన్నటివలెనే." 4న ఆ మాట కింద రెండు చుక్కలు. సంక్రాంతికి కొత్తకొండ వీరభద్రస్వామి జాతరకు పోయివచ్చి, "వివరములు తర్వాత వ్రాసెదను" అంటాడు. ఆ వివరములు 1998 నుంచి బాకీ. అక్కడినుంచి తెల్లకాగితం, తెల్లకాగితం, తెల్లకాగితం.

అంతమాత్రాన ఓడిపోయే మనిషి కాడు. ఉగాది పచ్చడి తిని, "జనవరి ఒకటి ఇంగ్లీషోళ్లది రా, మన యేడు గిప్పుడు షురువైతది" అని మళ్లీ పెన్ను తీస్తాడు. అది వారం నడుస్తుంది. ఇంచుమించు అదే సమయానికి ఏప్రిల్ ఒకటి, ఆర్థిక సంవత్సరం. జూన్‌లో బడులు తెరిచేరోజు సార్ల సంవత్సరాది. వాన పడితే రైతు సంవత్సరాది. ఒక యేడు ఇవన్నీ వచ్చి పోయినా డైరీ కదలలేదు. అప్పుడు ఆయన ఫసలీ బయటికి తీశాడు! మా తాతది ఉర్దూ మీడియం. పాత పహాణీల్లో యేడాదిని ఫసలీలోనే రాసేవారు, దానికి 590 కలిపితే ఇంచుమించు మన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. రెవెన్యూ లెక్కల్లో అది జూలై 1న మొదలవుతుంది. "ఇయ్యాల ఫసలీ కొత్త యేడు, ఇగ చూడు" అని ఫోన్ చేసి మరీ చెప్పాడు. చూశాను. జూలై 3న రెండు చుక్కలున్నాయి.

ఎవరైనా నిలదీస్తే సోషల్ సారు కదా, చరిత్ర మొత్తం ఆయన తరఫున సాక్ష్యానికి వస్తుంది. లండన్‌లో శామ్యూల్ పెపీస్ 1660లో డైరీ మొదలుపెట్టి, కండ్లు పోతాయన్న భయంతో 1669లో ఆపేశాడు. "నేను కండ్లు మంచిగున్నప్పుడే ఆపిన, గదే తేడా." మన వంగర పీవీ సంగతో? 1991లో ప్రధానమంత్రి అయితే ఆయన నవల 'ది ఇన్‌సైడర్' అచ్చయింది 1998లో. "గంత పెద్దమనిషికే ఏడేండ్లు పట్టింది, నాకేం తొందర?" ఆయన నోరు మూయించే పేరు ఒక్కటే ఉంది, హనుమాజీపేట సినారె. ఏటా జూలై 29న, తన పుట్టినరోజుకు, ఒక కొత్త కవితా సంపుటి తెచ్చేవాడు. ఆ మాట ఎత్తితే చిన్నబాపు కాసేపు ఊరుకుని, "ఆయనది పుట్టినరోజు ఎండకాలం పోయినంక రా. నాది నడి మేల" అంటాడు. ఇది ఏ విధంగా జవాబో నాకు ఇప్పటికీ తెలియదు.

ఒకసారి కాశీకి కూడా పోయాడు, డైరీ కోసమే అని నా అనుమానం. 1830 మేలో మద్రాసులో బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య పదిహేను నెలలు తిరిగి, ఏ మజిలీలో నీళ్లెట్లా ఉన్నాయో, బస ఎక్కడ దొరుకుతుందో పూస గుచ్చినట్టు రాసిపెట్టాడు. ఆ 'కాశీయాత్ర చరిత్ర'ను సంచిలో పెట్టుకుని మా చిన్నబాపు టూరిస్టు బస్సెక్కాడు. పన్నెండు రోజుల యాత్రకు డైరీలో మిగిలింది ఇది: "నాగపూర్: టీ నీళ్ళు. జబల్పూర్: టీ నీళ్ళు. కాశీ: టీ ఫరవాలేదు."

ఇక అసలు సీజన్ డిసెంబర్ 28. ఆ పొద్దున బల్ల మీద యేడాది మొత్తం కుప్పపోస్తాడు. కరెంటు బిల్లులు, మెడికల్ షాపు చీటీలు, పెండ్లి పత్రికలు, సిరా ఎగిరిపోయిన బస్సు టికెట్లు, ఫోన్లో ఫొటోలు. వీటన్నిటికీ తలమానికం చిన్నమ్మ గోడ క్యాలెండర్. వంటింటి తలుపు పక్కన మేకుకు వేలాడుతుంది, అదే మేకుకు దారం కట్టిన పెన్సిల్ ముక్క. పాలు రాని రోజున సున్నా. గ్యాస్ బండ వచ్చిన రోజున నిలువు గీత. చిట్టీ కట్టిన రోజు చుట్టూ గుండ్రం. "మనుమరాలికి జరం." "చెల్లె అచ్చింది." "వాన." పన్నెండు నెలల్లో ఒక్క గడి తప్పదు. ఆమె ఎన్నడూ డైరీ రాస్తున్నానని అనలేదు, కొత్త యేడు తీర్మానం చేయలేదు, ఐదో తరగతి దాటలేదు.

చిన్నబాపు భూతద్దం పట్టుకుని ఆ గడుల మీదికి వంగి, ఆమె సున్నాలను తన గ్రాంథికంలోకి దింపుతుంటాడు. ఒకసారి ఆగస్టు పేజీ నింపుతూ పైకి చదివాడు: "ఉదయము వేడి పాలు త్రాగి నడకకు వెళ్ళితిని." వంటింట్లోంచి చిన్నమ్మ, "ఆ దినం పాలు రాలే. సున్న కనవడుతలేదా? పొద్దంత వానే. నువ్వు తొమ్మిదిటిదాంక దుప్పటి తియ్యలే" అంది. చిన్నబాపు ఒక క్షణం ఆలోచించి, 'పాలు' కొట్టేసి 'నీళ్ళు' అని రాశాడు. నడక అట్లాగే ఉంది.

అన్ని యేండ్లూ ఇట్లాగేనంటే అన్యాయమవుతుంది. 2018 మే 10న మా పక్కనే శాలపల్లి–ఇందిరానగర్‌లో రైతుబంధు మొదలుపెట్టినప్పుడు ఆరు పేజీలు రాశాడు, అందులో నాలుగు ఎండ మీద. 2021 డైరీకైతే చోటు చాలలేదు. జూన్‌లో మా నియోజకవర్గం సీటు ఖాళీ అయింది, అక్టోబర్ 30న ఉపఎన్నిక పోలింగ్. ఆ నడుమ రాష్ట్రమంతా హుజూరాబాద్‌లోనే కాపురం పెట్టింది. పొద్దున ఒకరి మీటింగు, మాపటికి ఇంకొకరిది. చిన్నబాపు అందరివీ విన్నాడు, అందరి కండువాలూ కప్పించుకున్నాడు, ఎవరి దగ్గర అన్నంలో ఉప్పెక్కువైందో నిష్పక్షపాతంగా నమోదు చేశాడు. నవంబర్ 2న లెక్కింపు అయిపోయింది. 3వ తారీఖు పేజీలో "ఊరు నిశ్శబ్దముగా నున్నది" అని ఒక్క ముక్క. ఆ ముక్క నేను రాసి ఉంటే బాగుండేదని ఇప్పటికీ కుళ్లుకుంటాను.

2009 డైరీ కూడా దాచుకోదగ్గదే. డిసెంబర్ 9 పేజీలో ఆకుపచ్చ సిరాతో, అడ్డంగా, "తెలంగాణ వచ్చెను." డిసెంబర్ 23న ఎర్ర సిరాతో, "రాలేదు." మళ్లీ 2014 జూన్ 2న ఆ పాత డైరీనే వెతికి తీసి, ఆ ఎర్ర మాట కింద చిన్నగా, "ఈసారి నిజముగా వచ్చెను."

నా తగాదా మొదలైంది కూడా ఆ డైరీలోనే. ఆ డిసెంబర్‌లో బందులకు బస్సులు నిలిచిపోయి నేను ఆ ఇంట్లో చిక్కుకున్నాను. జమ్మికుంట పోయి రైలెక్కుదామంటే జేబులో పైసల్లేవు. చిన్నబాపు దగ్గర ఐదు వందలు తీసుకున్నాను. ఆ రాత్రి ఆయన రాసింది: "అన్న కొడుకు రూ. 500 బదులు తీసుకొనెను. తిరిగి ఇచ్చునట్లు తోచదు."

ప్రతి డిసెంబర్ 31 సాయంత్రం మా ఇంటిల్లిపాదీ వరసగా కూచోవాలి. బయట వరంగల్ రోడ్డు మీద బేకరీల వాళ్లు షామియానాలు వేసి కేకులు పేర్చి మైకుల్లో పిలుస్తుంటారు. పిల్లలు చెప్పులేసుకుని తలుపు దగ్గర నిలబడి ఉంటారు. చిన్నబాపు గొంతు సవరించుకుని యేడు లెక్క చదువుతాడు. ఆరోగ్యము, ఆర్థికము, అధ్యయనము, అసంపూర్ణము. ఆఖరిదే పొడుగు. అధ్యయనము కింద ఒక యేడు "వేయిపడగలు, 112వ పేజీ వరకు" అని ఉంటే, మరుసటి యేడు 96 అని ఉంది. ఆర్థికము కింద ఏటా మారని పద్దు ఒకటి: "రావలసినవి: అన్న కొడుకు, రూ. 500." కొత్తగా వచ్చిన కోడళ్లు, అల్లుళ్లు తల తిప్పి నా దిక్కు చూస్తారు.

2016లో నోట్లు రద్దయిన యేడు నేను తెగించి, "చిన్నబాపూ, నేను తీసుకున్నది పాత ఐదు వందల నోటు. అది చెల్లదు కదా?" అన్నాను. ఆయన కళ్లద్దాల మీదినుంచి చూసి, "నోటు రద్దయింది బిడ్డా, బాకీ కాలే" అని పేజీ తిప్పాడు.

ఇన్ని మాటలంటున్నాను కానీ, నా ఫోన్లో "2019 సమీక్ష" అని ఒక నోటుంది. తెరిస్తే, "ఈ యేడు ఏమైందంటే" అని ఉంటుంది, అంతే. "2020 సమీక్ష"లో "ఈ యేడు" వరకే వచ్చాను. చిన్నబాపు ఏటా తనకు నచ్చని డైరీలు నాకు హైదరాబాద్ పంపిస్తాడు. వరి తెగుళ్ల పేజీల్లో మా ఇంట్లో ఇస్త్రీ బట్టల లెక్క రాస్తున్నారు. ఆయన కనీసం వెనక్కిపోయి నింపుతాడు. నాకు వెనక ఏముందో చెప్పే క్యాలెండర్ కూడా గోడకు లేదు.

కిందటి యేడు డిసెంబర్ 31న, చదువు మొదలుకాకముందే, కొత్త ఐదు వందల నోటు తీసి ఆయన ముందు పెట్టాను. చిన్నబాపు మొహంలో నెత్తురు చుక్క లేదు. నోటును చూశాడు, రాసి పెట్టుకున్న పేజీని చూశాడు. "ఇప్పుడిత్తె ఎట్లరా? పెన్నుతోని రాసిన. కొట్టివేతలు పడుతయ్. అచ్చే యేడు ఇయ్యి" అన్నాడు. చదివేటప్పుడు నా పద్దు దగ్గర ఎప్పటికన్నా గట్టిగా చదివాడు.

నేను వంటింట్లోకి పోయి ఆ నోటు చిన్నమ్మ చేతిలో పెట్టాను. ఆమె కొంగున ముడేసుకుని, పెన్సిల్ అందుకుని ఆ రోజు గడిలో "500" అని వేసింది.

మొన్న యేడాది మారినాక చిన్నబాపు పాత క్యాలెండర్ తీసి చూస్తూ, ఆ గడి దగ్గర భూతద్దం ఆపాడట. "గీ ఐదు వందలు ఏందే?"

"గ్యాసువి" అందట చిన్నమ్మ.