గాలి కొట్టిన రాత్రి

హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో ఓ కొత్త బాపతు జనం తయారయ్యారు. పొద్దున సైకిలెక్కి ఆఫీసుకెళ్లాలంటే వీళ్లింట్లో రాత్రి నుంచే పెళ్లి హడావుడి. టైర్లకు గాలి, చైనుకు ఆయిలు, వెనక ఎర్ర లైటుకు చార్జింగు, నలగకుండా చుట్టిన ఇస్త్రీ చొక్కా, చెమటకో తువ్వాలు, ఒలకని టిఫిను డబ్బా (సాంబారు నిషిద్ధం, పెరుగు అనుమానాస్పదం). హెల్మెట్‌తో సెల్ఫీ దిగి స్టేటస్‌లో పెడితేగానీ నిద్ర పట్టదు.

సర్కారు వారి సన్నాహం ఇంకా ఘనం. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల ట్రాక్ వేసి, నెత్తిన సోలార్ కప్పు పరిచి, 2023 అక్టోబరులో ప్రారంభించారు. కింద నీడ, పైన కరెంటు! ఇంటి గుమ్మం నుంచి అక్కడిదాకా బస్సులూ లారీలూ తప్పించుకుంటూ చేరడం మాత్రం సైకిలిస్టు స్వయంప్రతిభకే వదిలేశారు. అందుకే కొందరు సైకిల్ని కారు వెనక కట్టి ట్రాక్ దాకా మోసుకెళ్తున్నారు. తొక్కాక మళ్లీ కారెక్కి ఆఫీసుకు.

నిజంగానే తొక్కుకుంటూ వచ్చిన మొండివాడికి ఆఫీసులో స్వాగతం చూడాలి. కార్లకేమో నేలకింద అంతస్తులకు అంతస్తులు. సైకిలుకు సెక్యూరిటీ గార్డు కుర్చీ పక్క స్తంభం, అదీ ఆయన మూడ్ బాగుంటే!